ఆరా, ఏడా? ఒక చిన్న బోర్డు తెచ్చిన పెద్ద గొడవ

గుంటూరులో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే మాట అంటాడు. "ఇబ్రహీంపట్నంలోనే కదరా చదివేది, ఆదివారం వచ్చేయొచ్చుగా, ఎంతసేపు!" వాడి లెక్కలో ఇబ్రహీంపట్నం అంటే విజయవాడ పక్కన, కృష్ణ ఒడ్డున, థర్మల్ పవర్ స్టేషన్ ఉన్న ఊరు. నేను చదివేది సాగర్ రోడ్డు మీద, పెద్ద చెరువు ఉన్న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో. జగిత్యాల జిల్లాలో ఇంకో ఇబ్రహీంపట్నం కూడా ఉంది. పేరు ఒకటే, ఊళ్లు మూడు. రెండేళ్లుగా చెప్తున్నా వాడి బుర్రకి ఎక్కట్లేదు.

వాడిని చూసి నవ్వుకునే నేను, పోయిన సెమిస్టర్‌లో అచ్చం అలాంటి తప్పే చేశాను. నా తప్పు వల్ల మా రూమ్మేట్‌కి ఒక ఇంటర్నల్ పోయింది, నలుగురిలో పరువు పోయింది. ఆ తప్పేంటో, అది ఎందుకు అంత తేలిగ్గా జరుగుతుందో చెప్పడానికే ఈ వ్యాసం. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగులో టెక్నికల్ విషయం రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకుపోండి. కమాండ్లు కూడా పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు మాత్రం మామూలుగా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ఏం జరిగిందంటే

మా హాస్టల్‌లో నీళ్ల ట్యాంకు పొద్దున ఏడింటికల్లా ఖాళీ అయిపోతుంది. ఎవడో ఒకడు తలకి షాంపూ పెట్టుకున్నాక నీళ్లు ఆగిపోవడం, బకెట్ పట్టుకుని కింద సంపు దగ్గరికి పరిగెత్తడం రోజూ ఉండేదే. మినీ ప్రాజెక్టుకి ఏం చేద్దామా అని ఆలోచిస్తే మాకు ఇదే తట్టింది. ట్యాంకు మూతకి లోపలివైపు ఒక అల్ట్రాసోనిక్ సెన్సార్, దానికి ఒక చిన్న కంప్యూటర్. నీళ్లు సగానికి తగ్గగానే వార్డెన్ సార్‌కి, మా ఫ్లోర్ గ్రూపుకి మెసేజ్ పోవాలి. అంతే ప్రాజెక్టు.

బోర్డు మా రూమ్మేట్ కొన్నాడు. కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్‌లో దొరికిన రాస్ప్‌బెర్రీ పై జీరో డబ్ల్యూ. దసరా బట్టలకని ఇంట్లో ఇచ్చిన డబ్బులు దాచుకుని కొన్నాడు. సెన్సార్, వైర్లు, సోల్డరింగ్ వాడి పని. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం నా పని.

మెసేజ్‌లు అటూ ఇటూ పంపడానికి ఒక సర్వర్ ప్రోగ్రామ్ కావాలి. దాని డౌన్‌లోడ్ పేజీలో మూడు ఫైళ్లు ఉన్నాయి: ఆర్మ్ వీ6, ఆర్మ్ వీ7, ఆర్మ్ 64. ఏది దించుకోవాలో తెలియాలంటే ముందు మన ప్రాసెసర్ ఏదో తెలియాలి. లినక్స్‌లో 'ప్రాక్' అనే ఫోల్డర్‌లో 'సీపీయూఇన్ఫో' అనే ఫైల్ ఉంటుంది, ప్రాసెసర్ వివరాలన్నీ అందులో వస్తాయి. తెరిచి చూశాను. మధ్యలో "సీపీయూ ఆర్కిటెక్చర్: 7" అని స్పష్టంగా ఉంది. ఇంకేం, వీ7 ఫైల్ దించాను, రన్ చేశాను. ఒకే ఒక లైను వచ్చింది: "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్".

మూడు రాత్రులు అదే లైను. ఎస్‌డీ కార్డు మూడుసార్లు ఫార్మాట్ చేసి ఓఎస్ మళ్లీ ఎక్కించాను. పక్క రూమ్ నుంచి వేరే కార్డు తెచ్చాను. ఛార్జర్ మార్చాను. ఫైల్ మళ్లీ దించాను. మూడో రాత్రి రెండింటికి, ఇక నాకు తోచింది ఒక్కటే. "మామా, నీకు డూప్లికేట్ బోర్డు అంటగట్టారు రా" అన్నాను. పైగా గట్టి నమ్మకంతో అన్నాను. పేపర్ మీద 7 అని ఉంది, 7 పని చేయట్లేదు, అంటే వస్తువు నకిలీ. లాజిక్ బాగానే ఉంది కదా?

మర్నాడు వాడు డీబీఎంఎస్ ల్యాబ్ ఇంటర్నల్ కూడా మానేసి బస్సెక్కి కోఠి పోయాడు. షాపాయనతో గొడవ పెట్టుకున్నాడు. ఆయన ఓపిగ్గా తన దగ్గరున్న కార్డు పెట్టి, ఒక ఎల్ఈడీ తగిలించి, వెలిగించి ఆర్పి చూపించాడట. "బోర్డు మంచిగనే ఉంది తమ్మీ. నువ్వు దాంట్ల ఏం ఎక్కిస్తున్నవో అది చూస్కో" అన్నాడట. షాపు నిండా జనం. మావాడు రాత్రి తొమ్మిదింటికి వచ్చి, బోర్డు నా మంచం మీద పెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా దుప్పటి కప్పుకున్నాడు.

షాపాయన చెప్పింది నిజం. బోర్డు అసలుదే, బాగానే ఉంది.

ప్రాసెసర్‌కి వచ్చే మాటలు

ముందు బేసిక్స్. మనం సీ లో ప్రోగ్రామ్ రాస్తాం, కంపైలర్ దాన్ని అంకెలుగా మారుస్తుంది. ఏ అంకె కనిపిస్తే ప్రాసెసర్ ఏ పని చేయాలి అనే ఒప్పందం పేరే ఆర్కిటెక్చర్. మన ల్యాప్‌టాపుల్లో ఉండే ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లది ఒక ఒప్పందం. ఫోన్లలో, ఈ చిన్న బోర్డుల్లో ఉండే ఆర్మ్‌ది ఇంకో ఒప్పందం. దీనివి దానికి అస్సలు అర్థం కావు. ఇది అందరికీ తెలిసిందే.

తిరకాసంతా ఆర్మ్ లోపలే ఉంది. ఆర్మ్‌లో తరాలు ఉన్నాయి: వీ6, వీ7, వీ8 అలా. ఒక్కో తరంలో కొత్త ఇన్‌స్ట్రక్షన్లు చేరాయి. సాధారణంగా కొత్త ప్రాసెసర్‌కి పాత తరం మాటలు అర్థమవుతాయి. పాత ప్రాసెసర్‌కి కొత్త మాటలు రావు. తాతగారు ఉత్తరం రాస్తే మనం చదువుతాం, మనం పెట్టే షార్ట్‌కట్ మెసేజ్‌లు తాతగారికి అర్థం కావు. అలాంటిదే ఇదీ.

జీరో డబ్ల్యూలో ఉండే ప్రాసెసర్ పేరు ఆర్మ్ 1176. అది వీ6 తరానిది. ఒక 16 బిట్ల సంఖ్యని ఒకే దెబ్బకి రిజిస్టర్‌లో వేసే 'మూవ్‌డబ్ల్యూ' అనే ఇన్‌స్ట్రక్షన్ వీ7లో మామూలు విషయం, ఈ ప్రాసెసర్‌కి అది తెలియదు. కోడ్ సైజు తగ్గించే తంబ్-2 తెలియదు. ఒకేసారి చాలా లెక్కలు చేసే నియాన్ కూడా లేదు. వీ7 కోసం కంపైల్ చేసిన ఫైల్‌లో ఇలాంటివి ఉండొచ్చు.

తెలియని అంకె ఎదురైనప్పుడు ప్రాసెసర్ ఊహించి ఏదో ఒకటి చేయదు. ఆగిపోయి కెర్నల్‌కి కబురు పెడుతుంది. కెర్నల్ ఆ ప్రోగ్రామ్‌కి 4వ నంబర్ సిగ్నల్ పంపి చంపేస్తుంది. స్క్రీన్ మీద మనకి కనిపించే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అదే. ప్రోగ్రామ్ ఎగ్జిట్ కోడ్ చూస్తే 132 వస్తుంది, అంటే 128 ప్లస్ 4. ఒక్కోసారి ప్రోగ్రామ్ కాసేపు బాగానే నడిచి, తెలియని మాట తగిలిన చోట పడిపోతుంది. అప్పుడు ఇంకా పెద్ద తలనొప్పి, మన కోడ్‌లోనే బగ్ ఉందనుకుంటాం.

ఇక్కడ 'ఇల్లీగల్' అనే పదమే నన్ను తప్పుదారి పట్టించింది. చట్టవిరుద్ధం, దొంగసరుకు, డూప్లికేట్ అనే వరసలో నా ఆలోచన పోయింది. అసలు అర్థం "ఈ మాట నాకు రాదు" అని మాత్రమే.

ఆ 7 ఎక్కణ్ణుంచి వచ్చింది

మరి వీ6 ప్రాసెసర్ అయితే సీపీయూఇన్ఫోలో 7 అని ఎందుకు వచ్చింది? నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే. ఇది మా బోర్డు ఒక్కదాని గొడవ కాదు. ఆర్మ్ 1176 ఉన్న మొదటి రాస్ప్‌బెర్రీ పై, జీరో, జీరో డబ్ల్యూ అన్నింటి మీదా లినక్స్ ఇలాగే చూపిస్తుంది.

మన హాల్ టికెట్ నంబర్ గుర్తు తెచ్చుకోండి. మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం, తర్వాత కాలేజీ కోడ్, తర్వాత 1ఏ, తర్వాత బ్రాంచ్, చివర్న మన నంబర్. ప్రాసెసర్ లోపల కూడా ఇలాంటి ఒక నంబర్ చెక్కి ఉంటుంది. మా బోర్డులో ప్రాసెసర్‌ది 410ఎఫ్‌బీ767. ఇది హెక్సాడెసిమల్. మొదటి 41 అంటే తయారీ డిజైన్ ఆర్మ్ కంపెనీది అని (ఆస్కీలో 41 అంటే ఇంగ్లీషు 'ఏ' అక్షరం). తర్వాత 0 వేరియంట్. బీ76 అంటే మోడల్ 1176. చివరి 7 రివిజన్. మధ్యలో ఉన్న 'ఎఫ్' ఆర్కిటెక్చర్ గడి.

ఆ గడిలో ఉండాల్సింది తరం నంబర్ కదా, ఎఫ్ ఏంటి? ఆ గడి వెడల్పు నాలుగు బిట్లే. తరాలు, వాటిలో ఉపతరాలు పెరిగిపోయి ఒక్క గడిలో పట్టడం మానేశాయి. అందుకని ఎఫ్ అని ఉంటే "వివరాలు ఇక్కడ లేవు, వేరే రిజిస్టర్లలో చూసుకోండి" అని అర్థం. ఫారంలో "జతపరచిన కాగితం చూడుడు" అని రాస్తాం చూడండి, అలాగ.

లినక్స్ కెర్నల్ ఆ జతపరచిన కాగితాలన్నీ చదవదు. దానికి ముఖ్యంగా కావలసింది మెమరీని ఎలా నడపాలి అనేది. కాబట్టి మెమరీకి సంబంధించిన ఒక రిజిస్టర్ తెరిచి, చివరి నాలుగు బిట్లు చూస్తుంది. అక్కడ 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వీ7 అని రాసేసుకుంటుంది. ఆర్మ్ 1176లో ఆ విలువ సరిగ్గా 3. ఎందుకంటే ఆ చిప్ వీ6 తరానిదే అయినా, మెమరీ నిర్వహణ పద్ధతి మాత్రం వీ7 తరహాది.

మన క్లాసులో డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో వచ్చినవాళ్లు ఉంటారు కదా. వాళ్లు నేరుగా సెకండ్ ఇయర్‌లో చేరతారు కాబట్టి వాళ్ల నంబర్‌లో సంవత్సరం మనకంటే ఒకటి ఎక్కువ ఉంటుంది, 1ఏ బదులు 5ఏ ఉంటుంది. మొదటి రెండంకెలు మాత్రమే చూసి ఎవరైనా "నువ్వు జూనియర్‌వి" అంటే ఎలా ఉంటుంది? నంబర్‌లో తప్పు లేదు. రెండంకెలు చూసి మొత్తం మనిషిని తేల్చేయడంలో ఉంది తప్పు. కెర్నల్ తన మెమరీ పని కోసం అడిగిన ప్రశ్నకి 7 అనేది సరైన జవాబే. ఆ జవాబుని ఫైల్‌లో "సీపీయూ ఆర్కిటెక్చర్" అని పేరు పెట్టి చూపించడంతో, నాలాంటివాళ్లు దాన్ని ఇన్‌స్ట్రక్షన్ల తరం అనుకుంటారు.

నాలాంటివాళ్లంటే సెకండ్ ఇయర్ స్టూడెంట్లు మాత్రమే అనుకోకండి. ఆండ్రాయిడ్ మొదటి రోజుల్లో చాలా ఫోన్లలో ఆర్మ్ 11 కుటుంబం ప్రాసెసర్లే ఉండేవి. యాప్‌లు రాసేవాళ్లకి గూగుల్ ఇచ్చే ఎన్‌డీకేలో, ఫోన్ ప్రాసెసర్ ఏదో కనిపెట్టే ఒక చిన్న లైబ్రరీ ఉంది. దాని సోర్స్ కోడ్‌లో ఒక కామెంట్ ఉంటుంది: కొన్ని వీ6 ప్రాసెసర్లు తమ ఆర్కిటెక్చర్ 7 అని తప్పుగా చెప్తున్నాయి, కాబట్టి ప్రాసెసర్ పేరు లైనులో "వీ6ఎల్" అని ఉందేమో చూసి సరిదిద్దుతున్నాం అని దాని సారాంశం. అది చదివినప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

అవును, అసలు జవాబు అదే ఫైల్‌లో, పై లైనులోనే ఉంది! "ఆర్మ్‌వీ6 కంపాటిబుల్ ప్రాసెసర్ రెవ్ 7 (వీ6ఎల్)" అని. నేను ఆ లైను కూడా చూశాను. చూసి, 'రెవ్ 7' అనే ముక్క పట్టుకుని "ఇక్కడ కూడా 7 ఉంది" అనుకున్నాను. అది చిప్ రివిజన్ మాత్రమే. ఒకే ఫైల్‌లో 7 మూడు చోట్ల ఉంది, 6 రెండు చోట్ల ఉంది. నాకు కావలసిన అంకెనే నేను చూశాను.

పేరు ఒకటే, ఊళ్లు రెండు

కథ ఇక్కడితో అయిపోతే నా వ్యాసం చిన్నదయ్యేది. రెండో ఉచ్చు కూడా ఉంది, అందులో కూడా పడ్డాను. వీ7 ఫైల్ పనిచేయకపోతే "పోనీ డెబియన్ ప్యాకేజీ ఎక్కిద్దాం, అదైతే చెక్ చేసి ఎక్కిస్తుంది" అనుకున్నాను. డెబియన్ సైట్ నుంచి 'ఆర్మ్‌హెచ్‌ఎఫ్' అని రాసి ఉన్న ప్యాకేజీ తెచ్చాను. మా బోర్డులో ఓఎస్‌ని అడిగితే అది కూడా తనది ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అనే చెప్పింది. పేరు పేరు కలిసింది. ఏ ఎర్రర్ లేకుండా ఇన్‌స్టాల్ అయింది. రన్ చేస్తే మళ్లీ ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్.

దీని వెనక 2012 నాటి కథ ఉంది. మొదటి రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న వచ్చింది. అందులో ఉన్నది 700 మెగాహెర్ట్జ్ ఆర్మ్ 1176, అంటే వీ6. అప్పటికి డెబియన్ వాళ్లు ఆర్మ్ కోసం రెండు రకాల ప్యాకేజీలు తయారు చేస్తున్నారు. ఒకటి ఆర్మెల్, పాత చిప్‌ల కోసం. అది పై మీద నడుస్తుంది, కానీ దశాంశ లెక్కలకి చిప్‌లో ఉన్న ప్రత్యేక యూనిట్‌ని సరిగ్గా వాడుకోదు, అందుకే నెమ్మది. రెండోది ఆర్మ్‌హెచ్‌ఎఫ్. చివరి రెండక్షరాలకి హార్డ్ ఫ్లోట్ అని అర్థం, అంటే దశాంశ లెక్కలు హార్డ్‌వేర్‌తోనే చేస్తుంది. కానీ దానికి కనీసం వీ7 ఉండాలని డెబియన్ గీత గీసింది. పై చిప్‌లో ఆ లెక్కల యూనిట్ ఉంది, వీ7 లేదు. రెంటికీ చెడ్డ రేవడి అన్నట్టు అయింది దాని పరిస్థితి.

మైక్ థామ్సన్, పీటర్ గ్రీన్ అనే ఇద్దరు దీనికి పూనుకున్నారు. డెబియన్ సోర్స్ మొత్తాన్ని వీ6 కోసం, హార్డ్ ఫ్లోట్‌తో మళ్లీ కంపైల్ చేశారు. మొదటి విడత 2012 జూన్‌లో పూర్తయింది. దాని పేరే రాస్ప్‌బియన్. చవక బోర్డు మీద నేర్చుకున్న ఎంతో మంది పిల్లలకి ఆ పని పునాది. అయితే ప్యాకేజీల మీద ఆర్కిటెక్చర్ పేరు మాత్రం పాతదే ఉంచారు: ఆర్మ్‌హెచ్‌ఎఫ్. అలా ఒకే పేరుతో రెండు ఊళ్లు తయారయ్యాయి. డెబియన్ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అంటే వీ7. రాస్ప్‌బియన్ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అంటే వీ6. ప్యాకేజీ ఎక్కించే ప్రోగ్రామ్ కవరు మీద పేరు చూస్తుంది, జిల్లా పేరు అడగదు. మా పిన్ని కొడుకు లాంటిదే అదీ.

ఫైల్‌ని తెరిచి చూసినా పైపైన తేడా తెలియదు. లినక్స్ ఫైళ్ల మొదట్లో ఉండే హెడర్‌లో ఆర్మ్‌కి ఇచ్చిన నంబర్ 40. వీ6 అయినా వీ7 అయినా అదే 40. అందుకే 'ఫైల్' అనే కమాండ్ రెంటికీ "32 బిట్ ఆర్మ్" అనే చెప్తుంది. 'రీడ్ఎల్ఫ్' కమాండ్‌కి పెద్ద 'ఏ' ఆప్షన్ పెడితే మాత్రం కంపైలర్ లోపల వదిలిన చీటీ కనిపిస్తుంది. అందులో సీపీయూ ఆర్చ్ అనే లైను ఉంటుంది. నేను దించిన ఫైల్‌లో అక్కడ వీ7 అని ఉంది. రాత్రి పదకొండింటికి ఆ లైను చూసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రూమ్మేట్‌ని లేపుదామనుకుని, ధైర్యం చాలక ఆగిపోయాను.

పైన 64, కింద 32

కొత్త బోర్డు కొనుక్కుంటే ఈ బాధ ఉండదులే అనుకోకండి. వాటిది ఇంకో రకం.

రాస్ప్‌బెర్రీ పై 3 నుంచి చిప్‌లు వీ8 తరానివి, 64 బిట్. కానీ చాలా ఏళ్లు వాటి మీద 32 బిట్ ఓఎస్‌నే నడిపారు. అప్పుడు సీపీయూఇన్ఫో తెరిస్తే వీ8 చిప్ కూడా "ఆర్మ్‌వీ7 ప్రాసెసర్ (వీ7ఎల్)" అని చెప్పుకునేది. కెర్నల్ చెప్పేది తను ఏ మోడ్‌లో నడుస్తోందో అది. ఇంకా తమాషా ఏంటంటే, చాలా ఏళ్ల పాటు పై 2, పై 3 బోర్డుల మీద కూడా "హార్డ్‌వేర్: బీసీఎమ్2835" అనే వచ్చేది. అది మొదటి పై చిప్ పేరు! చిప్‌ల కుటుంబానికి పెద్దన్న పేరుతో అందరినీ పిలిచినట్టు.

2023లో ఇది తిరగబడింది. పై 4 లాంటి బోర్డుల్లో 32 బిట్ ఓఎస్ ఎక్కించినా, కెర్నల్ మాత్రం 64 బిట్‌ది బూట్ అవడం మొదలైంది. పైన కూర్చున్న కెర్నల్ 64, కింద ఉన్న ప్రోగ్రామ్‌లు, లైబ్రరీలు అన్నీ 32. ఇలా నడవడంలో తప్పేం లేదు, బాగానే నడుస్తుంది. కానీ చాలా ఇన్‌స్టాల్ స్క్రిప్టులు 'యూనేమ్ డాష్ ఎమ్' అనే ఒక్క కమాండ్ మీద ఆధారపడతాయి. అది చెప్పేది కెర్నల్ గురించి. "ఏఆర్చ్64" అని వస్తుంది. స్క్రిప్టు నమ్మి 64 బిట్ ఫైల్ దించుతుంది. రన్ చేస్తే వచ్చే ఎర్రర్ చూడండి: "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ". ఫైల్ కళ్లముందే ఉంటుంది! ఎల్ఎస్ కొడితే కనిపిస్తుంది! నిజానికి దొరకనిది ఆ ఫైల్ కాదు. దాన్ని లోడ్ చేయడానికి కావలసిన 64 బిట్ లోడర్ ఆ 32 బిట్ ఓఎస్‌లో లేదు. కెర్నల్ ఆ సంగతి వివరంగా చెప్పకుండా "ఫైల్ లేదు" అని మాత్రమే అంటుంది.

ఎవరిని ఏం అడగాలి

ఇంత గొడవ తర్వాత నాకు అర్థమైంది ఇది. "ఈ మెషీన్ ఏ ఆర్కిటెక్చర్?" అనే ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. చిప్‌ది ఒక జవాబు, కెర్నల్‌ది ఒకటి, ఓఎస్‌ది ఒకటి, మనం దించిన ఫైల్‌ది ఒకటి. నాలుగూ వేర్వేరుగా ఉండొచ్చు, ఎవరిమటుకు వాళ్లు నిజమే చెప్తూ ఉండొచ్చు. కాబట్టి నలుగురినీ విడివిడిగా అడగాలి.

ఒకటి, బోర్డు ఏది? ప్రాక్ ఫోల్డర్‌లోని 'డివైస్ ట్రీ' లోపల 'మోడల్' అనే ఫైల్ చూడండి. మాదైతే "రాస్ప్‌బెర్రీ పై జీరో డబ్ల్యూ రెవ్ 1.1" అని వచ్చింది. సీపీయూఇన్ఫో చివర్లో ఉండే రివిజన్ కోడ్ ఇంకా గట్టి సాక్ష్యం. మాది 9000సీ1. హెక్సాడెసిమల్‌లో వెనక నుంచి లెక్కపెడితే: చివరి 1 బోర్డు రివిజన్, దాని ముందు రెండంకెలు 0సీ అంటే జీరో డబ్ల్యూ, దాని ముందు 0 అంటే ప్రాసెసర్ బీసీఎమ్2835, అంటే వీ6. జీరో 2 డబ్ల్యూ కోడ్ 902120. అందులో అదే స్థానంలో 2 ఉంటుంది, అంటే బీసీఎమ్2837, వీ8. ఈ రెండు బోర్డులూ ఒకే సైజు, 65 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు. రెంటిలోనూ 512 ఎంబీ ర్యామ్. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఈ కోడ్ చూసి కొనండి. ఒకటి 2017లో వచ్చింది, ఒకే కోర్. ఇంకోటి 2021లో వచ్చింది, నాలుగు కోర్లు.

రెండు, కెర్నల్ ఏది? యూనేమ్ డాష్ ఎమ్. దీని జవాబుని కెర్నల్ వరకే నమ్మండి.

మూడు, ఓఎస్ ఏది? 'గెట్‌కాన్ఫ్ లాంగ్ బిట్' కొడితే 32 అనో 64 అనో వస్తుంది. (లాంగ్ బిట్ పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్.) 'డీపీకేజీ డాష్ డాష్ ప్రింట్ ఆర్కిటెక్చర్' కొడితే ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అనో ఆర్మ్64 అనో వస్తుంది. ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అని వస్తే ఆగండి. ఏ ఊరి ఆర్మ్‌హెచ్‌ఎఫ్? ప్యాకేజీ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి.

నాలుగు, ఫైల్ ఏది? 32, 64 తేడాకి ఫైల్ కమాండ్ చాలు. వీ6, వీ7 తేడాకి రీడ్ఎల్ఫ్ కావాలి.

ఎర్రర్లు కూడా చీటీల్లాంటివే. "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" వస్తే, ఫైల్ తరం చిప్ తరం కంటే కొత్తదేమో చూడండి. "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" వస్తే, ఫైల్ ఆ కెర్నల్‌కి అసలు సంబంధం లేని ఒప్పందానిదేమో చూడండి. ఫైల్ ఉండగానే "నో సచ్ ఫైల్" అంటే, లోడర్ లేదేమో చూడండి. మూడింటిలో ఏది వచ్చినా బోర్డు పాడైందని అప్పుడే అనుకోకండి. మన ప్రాజెక్ట్ ల్యాబ్ అల్మారాలో 'నాట్ వర్కింగ్' అని టేప్ అంటించిన పాత బోర్డులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎన్ని నిజంగా పోయాయో, ఎన్నింటికి మనమే తప్పు ఫైల్ ఎక్కించామో అని ఇప్పుడు అనుమానంగా ఉంది. ఒకరోజు కూర్చుని అన్నీ చూడాలని ఉంది, ఎవరైనా వస్తారా?

చివరికి

మా సమస్యకి పరిష్కారం ఎంత చిన్నదంటే చెప్పడానికి సిగ్గేస్తుంది. బయట సైట్ల నుంచి తెచ్చినవన్నీ తీసేసి, బోర్డులోని ఓఎస్ తన సొంత రిపాజిటరీ నుంచి తెచ్చుకునేలా ఏపీటీ ఇన్‌స్టాల్ కొట్టాను. అక్కడున్న ప్యాకేజీలు వీ6 కోసం కంపైల్ చేసినవే. ప్రోగ్రామ్ మొదటిసారికే లేచి నిలబడింది. మూడు రాత్రులు చేసిన పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

పొద్దున రూమ్మేట్ లేచేసరికి టెర్మినల్ తెరిచి పెట్టాను. సీపీయూఇన్ఫో పై లైను చూపించి, "బోర్డు మంచిదే మామా. నేనే తప్పు చదివాను" అన్నాను. వాడు స్క్రీన్ వంక కాసేపు చూసి, "ఇంత పెద్దగ ఆరు అని రాసుంటే నీకెట్ల కనపడలేదురా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఆదివారం ఇద్దరం కలిసి కోఠి పోయి షాపాయనకి సారీ చెప్పాం. ఆయన నవ్వి, టీ తాగమన్నాడు. ఇంటర్నల్ సంగతి మాత్రం టీతో తీరేది కాదు. ల్యాబ్ మేడమ్‌ని కలిసి, తప్పు నాదని చెప్పి బతిమాలాను. రీటెస్ట్ పెట్టారు, కానీ సగం మార్కులకే.

ఇప్పుడు ట్యాంకు మూత కింద ఆ బోర్డే పని చేస్తోంది. దాని డబ్బా మీద మావాడు మార్కర్‌తో పెద్దగా 'వీ6' అని రాశాడు, కింద నా పేరు కూడా రాశాడు, గుర్తుండాలని. నీళ్లు సగానికి తగ్గితే మెసేజ్ వస్తోంది. నీళ్లు రావడం మాత్రం ఇంకా వార్డెన్ సార్ చేతుల్లోనే ఉంది. బస్సు ఛార్జీలు వాడికి ఇచ్చేశాను, బిర్యానీ ఇంకా బాకీ.